స్వతంత్ర మొబైల్ యాప్ రూపకర్త

స్వతంత్ర మొబైల్ యాప్ రూపకర్త అనగా ఏ సంస్థ తరఫునా కాక, సొంత ఆలోచనతో, సొంత ఖర్చుతో, సొంత బాధ్యతపై మొబైల్ ఫోనులో పనిచేసే అనువర్తనాలను తయారుచేసి ప్రజలకు అందించే వ్యక్తి. అనువర్తనానికి వాడుకలో "యాప్" అనే మాటే స్థిరపడింది. ఆలోచన, రూపకల్పన, ప్రోగ్రాము రచన, పరీక్ష, విడుదల, వాడుకరుల సందేహాలకు సమాధానం మొదలైన పనులన్నీ సాధారణంగా ఒక్కరే చేస్తారు, లేదా ఇద్దరు ముగ్గురు మిత్రులు పంచుకుంటారు. పెద్ద సంస్థలు లాభసాటి కాదని వదిలివేసిన చిన్న అవసరాలను తీర్చడంలోనూ, కంప్యూటరులో ఆలస్యంగా చోటు దొరికిన లిపులను వాడుకలోకి తేవడంలోనూ వీరి పాత్ర ముఖ్యమైనది. అయితే ఒక్కరి శ్రద్ధపై నిలిచిన యాప్, ఆ శ్రద్ధ తప్పిననాడు ఆగిపోతుంది. ఈ వృత్తికి ఉన్న బలం, బలహీనత రెండూ ఇందులోనే ఉన్నాయి. రెండు లిపులు, రెండు పంచాంగాలు పక్కపక్కన నడిచే హైదరాబాదు పాతబస్తీ అవసరాలు ఇందుకు మంచి ఉదాహరణ.

పరిధి

సంస్థలో ఉద్యోగిగా యాప్‌లు తయారుచేసేవారు, ఒప్పందంపై ఇతరులకు చేసిపెట్టేవారు ఈ నిర్వచనంలోకి రారు. పగలు వేరొక ఉద్యోగం చేస్తూ రాత్రివేళ సొంత యాప్ రాసుకొనేవారు మాత్రం వస్తారు. యాప్ ఎలా ఉండాలో నిర్ణయించే అధికారం, అది చెడిపోతే బాగుచేయవలసిన బాధ్యత రెండూ ఒకరి వద్దే ఉండడం స్వతంత్ర రూపకర్త ప్రధాన లక్షణం. ఆ యాప్ ఉచితమా, వెల గలదా అన్నది ఇక్కడ ముఖ్యం కాదు.

చరిత్ర

2008కి పూర్వం కూడా జావా, సింబియన్ ఆధారిత ఫోన్లకు చిన్న ప్రోగ్రాములు రాసేవారు ఉండేవారు. కాని వాటిని కొనుగోలుదారుకు చేర్చే మార్గం ఫోను తయారీదారుల చేతిలోను, టెలిఫోను సంస్థల చేతిలోను ఉండేది. ఆపిల్ సంస్థ 2007 జూన్‌లో ఐఫోనును విడుదల చేసి, 2008 జూలై 10న యాప్ స్టోరును సుమారు 500 యాప్‌లతో ప్రారంభించింది. అదే సంవత్సరం అక్టోబరులో గూగుల్ సంస్థ ఆండ్రాయిడ్ మార్కెట్టును తెరిచింది. 2012 మార్చిలో దానికి గూగుల్ ప్లే అని పేరు మార్చారు. ఈ రెండు అంగళ్ళ వల్ల ఒక సామాన్య వ్యక్తి తన ఇంటి నుండే ప్రపంచమంతటికీ తన యాప్‌ను అందించడం మొదటిసారిగా సాధ్యమైంది.

వియత్నాం రాజధాని హనోయ్‌కి చెందిన డాంగ్ గుయెన్ 2013లో ఒంటరిగా తయారుచేసిన ఫ్లాపీ బర్డ్ అనే ఆట కొద్ది నెలలలో అనేక దేశాలలో ప్రథమస్థానం పొందింది. ఆ ప్రచారాన్ని భరించలేక ఆయన 2014 ఫిబ్రవరిలో దానిని స్వయంగా తొలగించాడు. భారతదేశంలో రాజస్థాన్‌లోని ఆల్వార్‌కు చెందిన ఇమ్రాన్ ఖాన్ అనే ఉపాధ్యాయుడు ఇటువంటివారిలో పేరొందాడు. ఈయన విద్యార్థుల కోసం 50కి పైగా యాప్‌లు తయారుచేసి ఉచితంగా ఇచ్చాడు. 2015 నవంబరులో లండనులోని వెంబ్లీ స్టేడియంలో ప్రధానమంత్రి నరేంద్ర మోదీ తన ప్రసంగంలో ఆయనను ప్రస్తావించాడు. 2016 సెప్టెంబరులో జియో సేవలు ప్రారంభమైన తరువాత మొబైల్ డేటా ధర బాగా తగ్గి, యాప్‌ల వాడకం పట్టణాల నుండి పల్లెలకు కూడా వ్యాపించింది.

పనిముట్లు

ఈ పనికి ఒక కంప్యూటరు, కనీసం ఒక ఫోను, అంతర్జాల సౌకర్యం అవసరం. ప్రధానమైన సాఫ్టువేరు పనిముట్లు ఇవి:

ఆండ్రాయిడ్ కొరకు: తొలి రోజులలో ఎక్లిప్స్ అనే సాఫ్టువేరును వాడేవారు. 2014 డిసెంబరులో ఆండ్రాయిడ్ స్టూడియో తొలి స్థిర కూర్పు వచ్చింది. ప్రోగ్రాము భాషగా మొదట జావా ఉండేది. 2017లో కోట్లిన్‌కు గుర్తింపు లభించగా, 2019 నుండి గూగుల్ దానికే ప్రాధాన్యం ఇస్తున్నది.

ఐఫోను కొరకు: ఎక్స్‌కోడ్ అనే సాఫ్టువేరును వాడతారు. ఇది ఆపిల్ వారి మాక్ కంప్యూటర్లలోనే పనిచేస్తుంది. భాషగా మొదట ఆబ్జెక్టివ్-సి, 2014 నుండి స్విఫ్ట్ వాడుకలో ఉన్నాయి.

రెండింటికీ కలిపి: ఒకే ప్రోగ్రాముతో రెండు రకాల ఫోన్లకూ యాప్ తయారుచేయడానికి రియాక్ట్ నేటివ్ (2015), ఫ్లటర్ (2018) ఉపయోగపడతాయి. ఒక్కరే పనిచేసేవారికి ఇవి సగం శ్రమను తగ్గిస్తాయి.

ప్రోగ్రాము రాయడం రానివారికి: యాప్ ఇన్వెంటర్ అనే సాధనంలో బొమ్మల ముక్కలను జతచేసి యాప్ తయారుచేయవచ్చు. 2010లో గూగుల్ విడుదల చేసిన దీనిని 2012 నుండి మసాచుసెట్స్ సాంకేతిక సంస్థ నడుపుతున్నది. ఇది పాఠశాలలలో బోధనకు అనుకూలమైనది.

ఉమ్మడి పనిముట్లు: మార్పులను భద్రపరచడానికి గిట్ (2005), ఫోనులోనే సమాచారాన్ని దాచడానికి ఎస్‌క్యూలైట్ (2000) ఉన్నాయి. ఈ రెండూ ఉచితం.

వీటితోపాటు "సంతకపు తాళం" అనేది కీలకమైనది. ఆండ్రాయిడ్ యాప్‌ను విడుదల చేసేటప్పుడు రూపకర్త దానిపై ఒక రహస్య అంకెల తాళంతో సంతకం చేస్తాడు. తరువాతి కూర్పులపై కూడా అదే సంతకం ఉంటేనే ఫోను వాటిని స్వీకరిస్తుంది. ఆ తాళం ఉన్న ఫైలు పోయినా, సంకేతపదం మరచిపోయినా పాత యాప్‌ను సరిదిద్దే మార్గం ఉండేది కాదు. దానిని కొత్త పేరుతో మొదటి నుండి విడుదల చేయవలసి వచ్చేది. 2017లో గూగుల్ ఈ తాళాన్ని తనవద్ద భద్రపరిచే సదుపాయం కల్పించింది. 2021 ఆగస్టు నుండి ప్లే స్టోరులోని కొత్త యాప్‌లకు అది తప్పనిసరి అయింది.

తెలుగులో పూర్వరంగం

మొబైల్ యాప్‌లకు పూర్వమే తెలుగును కంప్యూటరులోకి తెచ్చిన పనిలో అధికభాగం ఇటువంటి స్వతంత్ర వ్యక్తులదే. 1990ల తొలి సంవత్సరాలలో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే ఆర్‌టీఎస్ పద్ధతిని రూపొందించారు. 1991లో వెలువడిన యూనికోడ్ తొలి కూర్పులో తెలుగుకు 128 స్థానాలు కేటాయించారు. తిరుమల కృష్ణదేశికాచార్యులు పోతన 2000, వేమన 2000 అనే యూనికోడ్ ఖతులను తయారుచేసి ఉచితంగా అందించారు. వార్తాపత్రికల వెబ్‌సైట్లు తమ సొంత ఖతులు వాడుతున్న రోజులలో, వాటిని యూనికోడ్‌లోకి మార్చి చూపించే "పద్మ" అనే ఉపకరణాన్ని వెన్న నాగార్జున తయారుచేశారు. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా ప్రారంభానికి కారకులు కూడా ఈయనే. పద్మ సోర్స్‌కోడ్ స్వేచ్ఛగా లభించినందువల్ల, దాని ఆధారంగా వీవెన్ "లేఖిని" అనే తెలుగు రాత పరికరాన్ని నిర్మించారు. ఒకరి పని మరొకరికి పునాది కావడానికి ఇది చక్కని ఉదాహరణ.

ఫోన్లలో తెలుగు ఇంకా ఆలస్యంగా వచ్చింది. తొలి ఆండ్రాయిడ్ ఫోన్లలో తెలుగు అక్షరాల స్థానంలో ఖాళీ డబ్బాలు కనిపించేవి. ఒపెరా మినీ అనే విహారిణిలో ఒక దాగిన అమరికను మార్చి, అక్షరాలను బొమ్మలుగా తెప్పించుకొని చదివేవారు. 2016లో భారత ప్రభుత్వం ఐఎస్ 16333 ప్రమాణం మూడవ భాగాన్ని తప్పనిసరి చేస్తూ ఉత్తర్వులిచ్చింది. దాని ప్రకారం దేశంలో అమ్మే ఫోన్లు 22 షెడ్యూలు భాషలలోని సందేశాలను చూపగలగాలి.

హైదరాబాదు పాతబస్తీ అవసరాలు

మూసీనదికి దక్షిణాన, 1591లో నిర్మించిన చార్మినారు చుట్టూ విస్తరించిన ప్రాంతాన్ని పాతబస్తీ అంటారు. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన మాదాపూర్ దీనికి సుమారు 20 కిలోమీటర్ల దూరంలో ఉన్నది. పాతబస్తీలోని పురానీహవేలీలో ప్రధాన కార్యాలయం గల సెట్విన్ అనే ప్రభుత్వ సంస్థ 1978 నుండి నిరుద్యోగ యువతకు వృత్తి శిక్షణ ఇస్తున్నది. ఆ శిక్షణలో కంప్యూటరు కూడా ఒక భాగం.

లిపులు: ఇక్కడి వీధులలో దక్కనీ ఉర్దూ, తెలుగు రెండూ వినిపిస్తాయి. 2017లో తెలంగాణ ప్రభుత్వం ఉర్దూను రాష్ట్రమంతటా రెండవ అధికార భాషగా చేసింది. ఉర్దూను కుడి నుండి ఎడమకు రాస్తారు. అందులోని నస్తాలీఖ్ శైలిలో అక్షరాలు ఒకదానికొకటి కలుస్తూ ఏటవాలుగా కిందికి దిగుతాయి. అందువలన అచ్చుకు ఈ శైలి లొంగక, పత్రికలను సైతం కాతిబులు (లేఖకులు) చేతితో రాసేవారు. 1981లో మీర్జా అహ్మద్ జమీల్ రాసిన వేలాది అక్షర సంయోగాలతో నూరీ నస్తాలీఖ్ ఖతి వచ్చింది. 1994లో భారతదేశంలో తయారైన ఇన్‌పేజ్ సాఫ్టువేరు ఆ శైలిని సామాన్య కంప్యూటరుకు చేర్చింది. కాతిబులకు, పెండ్లిపత్రికల ముద్రణకు పేరుపొందిన ఛత్తాబజారులో ఈ మార్పు ప్రత్యక్షంగా కనిపించింది. చేతిరాత పని తగ్గి, కంప్యూటరు కూర్పు పెరిగింది.

రెండు లిపులలో యాప్ తయారుచేసేవారు మాటలను అనువదిస్తే సరిపోదు. భాష మారినప్పుడు బొత్తాలు, జాబితాలు, బాణపు గుర్తులు సహా తెర మొత్తం దిశ మార్చుకోవాలి. ఆండ్రాయిడ్‌లో ఈ సదుపాయం 2012లో వచ్చిన 4.2 కూర్పు నుండి సహజంగా ఉన్నది. నస్తాలీఖ్ వరుసలకు, తెలుగు ఒత్తులకు రెండింటికీ వరుసల మధ్య ఎక్కువ ఎడం కావాలి. ఇంగ్లీషు అక్షరాల కొలతతో గీసిన బొత్తాలలో తెలుగు ఒత్తులు కింద తెగిపోవడం సాధారణంగా కనిపించే లోపం.

కాలగణన: నమాజు వేళలు చూపే యాప్, తెలుగు పంచాంగం చూపే యాప్ పైకి వేరువేరుగా కనిపించినా, రెండింటికీ ఆధారం ఒకే ఖగోళగణితం. హైదరాబాదు అక్షాంశం సుమారు 17.4 డిగ్రీలు, రేఖాంశం సుమారు 78.5 డిగ్రీలు. భారత ప్రామాణిక కాలం 82.5 డిగ్రీల రేఖాంశంపై ఆధారపడినది కనుక, ఇక్కడ సూర్యుడు నడినెత్తికి వచ్చే సమయం గడియారంలోని పన్నెండు గంటలకంటె సగటున 16 నిమిషాలు ఆలస్యం.

ఫజర్ వేళను సూర్యుడు క్షితిజానికి ఎన్ని డిగ్రీలు దిగువన ఉన్నాడన్న దానినిబట్టి లెక్కిస్తారు. కొన్ని పద్ధతులలో అది 18 డిగ్రీలు, కొన్నింటిలో 15 డిగ్రీలు. ఈ మూడు డిగ్రీల భేదం వల్ల హైదరాబాదులో సుమారు 13 నిమిషాల తేడా వస్తుంది. రంజాను నెలలో సహరీ ముగింపు ఈ వేళపైనే ఆధారపడుతుంది. అసర్ వేళ నీడ పొడవునుబట్టి ఉంటుంది. అందులో హనఫీ, షాఫయీ సంప్రదాయాల లెక్కలు వేరు. ఖిబ్లా దిశ హైదరాబాదు నుండి, ఉత్తరం మొదలుకొని సవ్యదిశలో, సుమారు 283 డిగ్రీలు. అనగా పడమరకు కొంచెం ఉత్తరంగా ఉంటుంది.

పంచాంగంలో సూర్యచంద్రుల మధ్య ప్రతి 12 డిగ్రీల ఎడమూ ఒక తిథి. చంద్రుడు 13 డిగ్రీల 20 కళలు నడిస్తే ఒక నక్షత్రం. సాధారణంగా సూర్యోదయానికి ఉన్న తిథినే ఆ రోజు తిథిగా చెబుతారు. దృక్ సిద్ధాంతం, సూర్య సిద్ధాంతం అనుసరించే పంచాంగాల మధ్య తిథి ముగిసే వేళలలో తేడాలు వస్తాయి. ఆషాఢమాసంలో లాల్‌దర్వాజా సింహవాహిని ఆలయంలో జరిగే బోనాలకు నెల లెక్క చూసుకొనే కుటుంబానికి, అదే వీధిలో ఇఫ్తార్ వేళ చూసుకొనే కుటుంబానికి ఒకే సూర్యగణన ఉపయోగపడుతుంది.

గణితానికి లొంగని విషయాలు కూడా ఉన్నాయి. ఇస్లామీయ మాసం నెలవంక కనిపించినట్లు స్థానిక కమిటీ ప్రకటించిన పిదపనే మొదలవుతుంది. యాప్ ముందుగా చూపిన తేదీ ఒక రోజు అటూయిటూ కావచ్చు. అందుచేత తేదీని ఒక రోజు సవరించుకొనే వీలు, లెక్క పద్ధతిని వాడుకరి ఎంచుకొనే వీలు కల్పించడం రూపకర్త విధి. ఏ పద్ధతిని అనుసరించినదీ తెరపై స్పష్టంగా తెలపని యాప్ వాడుకరిని తప్పుదారి పట్టించగలదు.

వ్యక్తిగత ఆసక్తులు

స్వతంత్ర రూపకర్తల పని తరచు వారి సొంత ఆసక్తి నుండి పుడుతుంది. లిపిపై ఆసక్తి గలవారు కీబోర్డులు, నిఘంటువులు చేస్తారు. బోధన వృత్తిలోనివారు పాఠాల యాప్‌లు, నక్షత్రాలను పరిశీలించేవారు పంచాంగాలు చేస్తారు. తనకు అవసరమైన వస్తువును తనకోసం చేసుకొని, తరువాత ఇతరులతో పంచుకోవడం ఇందులోని సాధారణ క్రమం.

ఇటువంటి వ్యక్తిగత అభిరుచి ప్రజోపయోగంగా మారిన పూర్వోదాహరణ పాతబస్తీలోనే ఉన్నది. నవాబు జఫర్ జంగ్ అనే ప్రభువంశీకుడు ఖగోళశాస్త్రంపై మక్కువతో ఇంగ్లండు నుండి 15 అంగుళాల దూరదర్శినిని తెప్పించి, 1901లో ఫిసల్‌బండలోని తన ఆవరణలో వేధశాలను నెలకొల్పాడు. ఆయన మరణానంతరం 1908లో నిజాం ప్రభుత్వం దానిని స్వీకరించి బేగంపేటకు తరలించింది. 1919లో అది ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆధీనంలోకి వచ్చింది. నిజామియా వేధశాలగా పేరొందిన ఈ సంస్థ అంతర్జాతీయ నక్షత్ర పట్టిక తయారీలో పాల్గొన్నది. ఒక వ్యక్తి అభిరుచిని అతని తరువాత స్వీకరించే సంస్థ ఉన్నందువల్లనే ఆ పని నిలిచింది.

ఆదాయం, రుసుములు

ఆపిల్ యాప్ స్టోరులో నమోదుకు ఏటా 99 డాలర్లు, గూగుల్ ప్లేలో ఒకసారి 25 డాలర్లు చెల్లించాలి. ప్రకటనలు, ఒకేసారి చెల్లించే వెల, నెలవారీ చందా, విరాళాలు ఆదాయ మార్గాలు. అమ్మకాలపై అంగళ్ళు మొదట 30 శాతం తీసుకొనేవి. సంవత్సరాదాయం పది లక్షల డాలర్లకు మించని రూపకర్తలకు ఆపిల్ 2021 జనవరి నుండి దీనిని 15 శాతానికి తగ్గించింది. అదే సంవత్సరం జూలై నుండి గూగుల్ కూడా తొలి పది లక్షల డాలర్ల ఆదాయంపై 15 శాతమే తీసుకోసాగింది. ప్లే స్టోరు చెల్లింపు నియమాలపై భారత పోటీ కమిషన్ 2022 అక్టోబరులో గూగుల్‌కు 936.44 కోట్ల రూపాయల జరిమానా విధించింది. 2025 మార్చిలో అప్పీలు ట్రిబ్యునల్ దానిని సుమారు 217 కోట్లకు తగ్గించింది.

గణితాన్ని అందించే ఉపకరణాల అనుమతులను కూడా గమనించాలి. ఉదాహరణకు పంచాంగ యాప్‌లలో వాడే స్విస్ ఎఫిమెరిస్ అనే గ్రహగణిత సాఫ్టువేరును ఉచితంగా వాడుకొనేవారు తమ యాప్ సోర్స్‌కోడ్‌ను కూడా బహిరంగపరచాలి. అది ఇష్టం లేనివారు వెల చెల్లించి అనుమతి పొందాలి.

సమస్యలు

నిరంతర నిర్వహణ: ఒకసారి పూర్తిచేసిన యాప్ అలాగే నిలవదు. ఆండ్రాయిడ్ కొత్త కూర్పులకు అనుగుణంగా యాప్‌ను సవరించాలని 2018 నుండి గూగుల్ నియమం పెట్టింది. సవరించని పాత యాప్‌లు కొత్త ఫోన్లవారికి అంగడిలో కనిపించవు. చాలాకాలంగా మార్పులేని యాప్‌లను తొలగిస్తామని ఆపిల్ 2016లో ప్రకటించింది. యాప్‌లో ఏ లోపమూ లేకపోయినా, రూపకర్త పట్టించుకోనంత మాత్రాన అది మరుగున పడుతుంది.

ప్రవేశ నియమాలు: 2023 నవంబరు తరువాత గూగుల్ ప్లేలో వ్యక్తిగత ఖాతా తెరిచినవారు, విడుదలకు ముందు కనీసం 20 మందితో వరుసగా 14 రోజులు యాప్‌ను పరీక్ష చేయించాలని నియమం వచ్చింది. 2024 డిసెంబరులో ఆ సంఖ్యను 12కు తగ్గించారు. ఒంటరిగా పనిచేసే విద్యార్థికి ఇది చిన్న ఆటంకం కాదు.

చేతిలో లేని లోపాలు: 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లలో "జ్ఞా" అక్షరంతో ముడిపడిన ఒక లోపం బయటపడింది. జ, ఞ, ఆకారాల నడుమ కంటికి కనిపించని ఒక విభాజక సంకేతం చేరినప్పుడు, ఆ అక్షరాన్ని చూపబోయిన యాప్ ఏదైనా ఆగిపోయేది. ఆపిల్ ఫిబ్రవరి 19న విడుదల చేసిన 11.2.6 కూర్పుతో దానిని సరిచేసింది. ఆ కొద్దిరోజులు తెలుగు చూపే యాప్‌ల రూపకర్తలు తాము చేయని తప్పును తాము సరిచేయలేక వేచి ఉండవలసి వచ్చింది.

కొనసాగింపు

రూపకర్తకు అనారోగ్యం, ఉద్యోగభారం, ఆసక్తి తగ్గడం లేదా మరణం సంభవిస్తే యాప్ ఏమవుతుందన్నది ఈ రంగంలోని పెద్ద ప్రశ్న. వాడుకరులు దాచుకున్న సమాచారం కూడా దానితోపాటు పోవచ్చు. దీనికి కొన్ని మార్గాలు అనుభవంలో ఉన్నాయి.

మొదటిది సోర్స్‌కోడ్‌ను స్వేచ్ఛా అనుమతితో ప్రచురించడం. స్లొవేకియాకు చెందిన ఒక రూపకర్త ఆరంభించిన సింపుల్ మొబైల్ టూల్స్ అనే యాప్‌ల సముదాయాన్ని 2023 చివర ఒక సంస్థ కొన్నది. సోర్స్‌కోడ్ బహిరంగంగా ఉన్నందున, దానిపై పనిచేసిన మరొకరు ఫాసిఫై అనే పేరుతో ఆ యాప్‌లను స్వేచ్ఛగా కొనసాగించారు. రెండవది ఒక సముదాయంతో కలిసి పనిచేయడం. తెలుగుతో సహా అనేక భారతీయ భాషలలో రాయడానికి వీలిచ్చే ఇండిక్ కీబోర్డు, స్వతంత్ర మలయాళం కంప్యూటింగ్ సముదాయం తోడ్పాటుతో ఎదిగింది. మూడవది సంతకపు తాళాన్ని, ఖాతా వివరాలను, లెక్కల వివరణను నమ్మకమైన మరొకరికి తెలిసేలా భద్రపరచడం. నాలుగవది వాడుకరి తన సమాచారాన్ని సాధారణ ఫైలుగా బయటకు తీసుకొనే వీలు కల్పించడం. చివరి రెండు పనులకు ఖర్చు లేదు. అయినా యాప్ బాగా నడుస్తున్న రోజులలో చేసినప్పుడే అవి ఉపయోగపడతాయి.

ఇవి కూడా చూడండి

ఆండ్రాయిడ్
యూనికోడ్
లేఖిని
స్వేచ్ఛా సాఫ్టువేరు
నిజామియా వేధశాల
పంచాంగం
పాతబస్తీ